సంకటి మ్యాచ్ అయ్యాకే: అనంతపురం వంటింట్లో ఫుట్‌బాల్ ఆటగాడి తిండి లెక్క

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఏం తింటారని ఫోనులో వెతికితే ఓట్స్, బ్రకోలీ, సాల్మన్ చేప, అవకాడో కనిపిస్తాయి. అనంతపురం పాతూరు మార్కెట్లో వాటిని వెతుక్కుంటూ తిరిగితే దొరకవు, దొరికినా ధర చూసి వెనక్కి రావాలి. అప్పుడు ఎవరో ఒకరు ప్రొటీన్ డబ్బా చేతిలో పెడతారు. ఇదంతా చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమే. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ నియమించిన నిపుణుల బృందం అగ్రశ్రేణి ఆటగాళ్ల ఆహారంపై 2020లో ఒక ప్రకటన వెలువరించింది. అందులోని ముఖ్యమైన ప్రమాణాలన్నీ శరీర బరువుకు ఇన్ని గ్రాములు, ఆటకు ఇన్ని గంటల ముందు అన్న లెక్కలే. ఆ గ్రాములు సాల్మన్ నుంచి వచ్చాయా, నాటుకోడి పులుసు నుంచి వచ్చాయా అన్నది కండరానికి పట్టదు. ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్నవే దానికి పడతాయి.

స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థిరపడి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ మైదానాల పుణ్యమా అని ఈ జిల్లా పల్లెల్లో ఆడపిల్లలు కూడా బూట్లు కట్టి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్లలో పై స్థాయికి వెళ్లాలనుకునేవారికి, వాళ్ల అమ్మలకు, హాస్టల్ మెస్ నడిపేవారికి ఈ పద్ధతి పనికొస్తుంది. కర్నూలు, కడప వాళ్లూ వాడుకోవచ్చు. మధుమేహం, కిడ్నీ జబ్బు వంటివి ఉంటే ముందు డాక్టరును అడగాలి.

1. బరువు చూసి, మీ అంకెలు రాసుకోండి

ఉదయం లేచాక, మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తాగకముందు బరువు చూసుకోండి. వరసగా కొన్ని రోజులు చూసి సగటు తీసుకుంటే మంచిది. లెక్కలన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి.

మ్యాచ్ ముందు రోజు, మ్యాచ్ రోజు, ఆ మరునాడు: కిలో బరువుకు 6 నుంచి 8 గ్రాముల పిండిపదార్థం. మామూలు సాధన రోజుల్లో సాధన ఎంత గట్టిగా ఉంటే అంత చొప్పున 3 నుంచి 8 గ్రాములు. ప్రొటీన్ మాత్రం ఏ రోజైనా కిలోకు 1.6 నుంచి 2.2 గ్రాములు. మీ బరువు 60 కిలోలు అనుకుందాం. మ్యాచ్ ముందు రోజు 360 నుంచి 480 గ్రాముల పిండిపదార్థం, రోజూ 96 నుంచి 132 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఇకపై అన్ని ఉదాహరణలూ ఈ 60 కిలోల మిడ్‌ఫీల్డర్‌వే. మీ బరువు 50 అయితే ప్రతి అంకెనూ ఆరో వంతు తగ్గించుకోండి.

పిండిపదార్థానికి ఇంత పెద్దపీట ఎందుకంటే, 90 నిమిషాల్లో మైదానంలో ఆటగాడు 10 నుంచి 13 కిలోమీటర్లు తిరుగుతాడు. మధ్యమధ్య వచ్చే వేగమైన పరుగులకు ఇంధనం కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్. స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1973లోనే ఇది చూపించారు. గ్లైకోజెన్ తక్కువగా ఉండి ఆటకు దిగినవాళ్లు రెండో సగంలో తక్కువ దూరం కదిలారు, ఎక్కువసేపు నడిచారు. చివరి ఇరవై నిమిషాల్లో మీ కాళ్లు బరువెక్కితే కోచ్ స్టామినా లేదంటాడు. చాలాసార్లు లేనిది ముందు రోజు రాత్రి అన్నం.

గోల్‌కీపర్ తిరిగే దూరం మిగతావాళ్లలో సగం వరకే ఉంటుంది. కాబట్టి అతను కింది అంకెతో సరిపెట్టుకోవాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల మీద చేసిన కొలతల్లో రోజుకు దాదాపు 3,500 కిలోకేలరీల ఖర్చు తేలింది. అది చూసి మీరూ అంత తినాలని బయలుదేరకండి, వాళ్ల బరువు 80 కిలోల దాకా ఉంటుంది.

2. ఇంటి గ్లాసును తూకం వేయండి

వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొనండి. ఒంటి బరువు చూసే యంత్రం కాక, ఈ వ్యవహారం మొత్తంలో డబ్బు పెట్టి కొనవలసిన పరికరం అదొక్కటే. ఇంట్లో బియ్యం కొలిచే స్టీలు గ్లాసును అంచుకు సమంగా నింపి తూచండి. ఒక ఇంట్లో అది 150 గ్రాములు, ఇంకో ఇంట్లో 200 ఉంటుంది. ఎంతో తెలిశాక గ్లాసు అడుగున మార్కరుతో రాసిపెట్టుకోండి, తర్వాత తూకం అవసరం పెద్దగా ఉండదు.

గుర్తుంచుకోవలసిన అంకెలు కొన్నే. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. అది ఉడికితే మూడింతల బరువు అవుతుంది. కాబట్టి అందరికీ కలిపి వండిన గిన్నెలోంచి మీ పళ్లెంలో వడ్డించుకున్న అన్నాన్నే తూచదలిస్తే 100 గ్రాములకు 26 నుంచి 28 గ్రాములని వేసుకోండి. రాగిపిండి 100 గ్రాములకు 67, జొన్నపిండికి 70 కాస్త అటూ ఇటూ. మధ్యరకం అరటిపండు ఒకటి 25. బెల్లం 20 గ్రాముల ముక్క 17. పాలు పావు లీటరుకు 12.

బొరుగుల దగ్గర కన్ను మోసం చేస్తుంది. 75 గ్రాముల బొరుగులు తూచి చూడండి, పెద్ద బేసిన్ నిండిపోతుంది. ఇంత ఎవరు తింటారని భయపడతారు. నీళ్లలో ముంచి, పిండి, తాలింపులో వేస్తే అదే ఉగ్గాణిగా ఒక పళ్లెంలోకి వచ్చేస్తుంది. అందులో పిండిపదార్థం 60 గ్రాములు. కడుపుకు బరువు లేకుండా ఇంత ఇంధనం ఇచ్చే ఉదయపు ఫలహారం మన దగ్గర మరొకటి లేదని నా అభిప్రాయం. పక్కనే ఉండే మిరపకాయ బజ్జి సంగతి వేరే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

3. సాధన రోజులు: సంకటి, జొన్నరొట్టె, కొర్రన్నం

చిరుధాన్యాల మీద ఇప్పుడు అందరికీ మోజే, మంచిదే. పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతాయి, రాగిలో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎముకలు పెరిగే వయసు పిల్లలకు అంతకంటే ఏం కావాలి. కానీ అదే పీచు, అదే నెమ్మది మ్యాచ్ రోజు అడ్డం తిరుగుతాయి. మధ్యాహ్నం సంకటి ముద్ద తిని నాలుగు గంటలకు మైదానంలోకి దిగితే ముద్ద ఇంకా కడుపులోనే ఉంటుంది.

అందుకే మ్యాచ్ లేని రోజుల్లో సంకటి, జొన్నరొట్టె, కొర్రన్నం పెట్టుకోండి. మ్యాచ్ ముందు రోజు సాయంత్రం నుంచి ఆట ముగిసేదాకా తెల్లన్నం, ఇడ్లీ, బొరుగులు, అటుకులు. పాలిష్ బియ్యం విషమని చెప్పే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లు రోజుకు 12 కిలోమీటర్లు పరుగెత్తరు. ఆటగాడికి మ్యాచ్ రోజు కావలసింది త్వరగా అరిగి త్వరగా కండరానికి చేరే అన్నం.

సాధన ఉదయం ఆరింటికి అయితే ఖాళీ కడుపుతో వెళ్లకండి. అరటిపండు, గ్లాసు పాలు చాలు. తిరిగి వచ్చాక గంటలోపు అసలు ఫలహారం. సాధన లేని విశ్రాంతి రోజున (అది మ్యాచ్ మరునాడు కాకపోతే) మూడోసారి అన్నం వడ్డించుకోవడం మానేసి, ఆ చోటులో కూర పెంచండి. ఆ ఒక్క రోజుకు ఇంతకంటే పెద్ద లెక్కలు అక్కర్లేదు.

4. ప్రొటీన్‌ను రోజంతా పంచండి

రాయలసీమ ఇళ్లలో ప్రొటీన్ తక్కువ కావడం కంటే ఒకేచోట పడటం ఎక్కువ. ఆదివారం అరకిలో కోడి, మిగతా ఆరు రోజులు పప్పుచారు. కండరం అలా దాచుకోదు. ఒక్కో పూటకు కిలో బరువుకు 0.4 గ్రాములు, అంటే 60 కిలోలకు 24 గ్రాములు, మూడు నాలుగు గంటలకోసారి అందాలి.

ఆ 24 గ్రాములు ఎలా వస్తాయో చూడండి. గుడ్లు నాలుగు. ఎముక లేని కోడిమాంసం 110 గ్రాములు. మీల్‌మేకర్ ఎండువి 45 నుంచి 50 గ్రాములు. పాలు ముప్పావు లీటరు. పప్పు దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. ఒకరి పళ్లెంలోకి వచ్చే పప్పులో కందిపప్పు 40 గ్రాములకు మించదు, అంటే 9 గ్రాముల ప్రొటీన్. పప్పన్నం తిన్నాం కదా అనుకుంటే ఆ పప్పు నుంచి సగం కూడా రాదు. దానికి రెండు గుడ్లో, గడ్డపెరుగో, ఉలవ గుగ్గిళ్లో తోడు కావాలి. ఉలవల్లో నూటికి 21, 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఎద్దులకు పెట్టేదని చిన్నచూపు చూడకండి.

ఇక మన పంట వేరుశనగ. నూరు గ్రాములకు 25 గ్రాముల ప్రొటీన్ నిజమే, కానీ నూనె అంతకు దాదాపు రెట్టింపు. గుప్పెడు వేయించిన గింజలు, బెల్లం ముక్క సాధన రోజు సాయంత్రానికి చక్కటి చిరుతిండి. ప్రొటీన్ కోసమని పావు కిలో నమిలితే కడుపు నిండి అన్నానికి చోటుండదు. ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) కూడా అంతే, సంకటితో సాధన రోజుల్లో వేసుకోండి.

పడుకునే ముందు గ్లాసు పాలు అలవాటు చేసుకోండి. రాత్రంతా కండరాల మరమ్మతు జరుగుతూనే ఉంటుంది.

5. మ్యాచ్ ముందు రోజు

ఈ రోజు లెక్క తప్పితే మరునాడు సరిదిద్దుకోలేరు. 430 గ్రాముల పిండిపదార్థం మన పళ్లెంలో ఇలా కనిపిస్తుంది.

ఉదయం: 75 గ్రాముల బొరుగులతో ఉగ్గాణి, పుట్నాల పొడి, రెండు అరటిపండ్లు, పావు లీటరు పాలు. ఇప్పటికే 120 దాటింది.
మధ్యాహ్నం: 150 గ్రాముల బియ్యం అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. 140.
సాయంత్రం: 50 గ్రాముల అటుకులు, 20 గ్రాముల బెల్లం, కొద్దిగా పాలు. ఓ 55, 60.
రాత్రి: మళ్లీ 150 గ్రాముల బియ్యం అన్నం, నూనె తక్కువగా వండిన కోడికూర, చారు. 117.

తినేవాడికి ఇది ఎక్కువనిపిస్తుంది, నిజంగానే ఎక్కువ. ఒకే పూట కొండలా వడ్డించుకుంటే దిగదు, కాబట్టి నాలుగు పూటలకు పంచాం. రాత్రి భోజనం ఎనిమిదింటికే ముగించండి. వేపుళ్లు, మటన్, గోంగూర మాంసం ఆ రాత్రికి వద్దు.

6. మ్యాచ్ రోజు గడియారం

ఎండ తగ్గాక నాలుగింటికి ఆట అనుకుందాం. ఉదయం ఎనిమిదింటికి ఇడ్లీ, లేదా బజ్జి లేని ఉగ్గాణి. ఆ బజ్జిలో నూనె కడుపును ఖాళీ కానివ్వదు, మిరపకాయ ఛాతీలో మంట పుట్టిస్తుంది. గెలిచాక ఎన్ని కావాలంటే అన్ని తినండి.

ప్రధాన భోజనం పన్నెండున్నరకు, అంటే ఆటకు మూడు నాలుగు గంటల ముందు. కిలోకు 1 నుంచి 3 గ్రాముల పిండిపదార్థమని ప్రమాణం, 60 కిలోలకు 60 నుంచి 180. ఒక గ్లాసు బియ్యం అన్నంలో పలచటి పప్పు, కొంచెం బంగాళదుంప కూర, చివర పెరుగన్నం. అంతే. పెరుగు పడనివాళ్లు చారుతో ముగించండి.

రెండు గంటలకు నీళ్లు: కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే 300 నుంచి 420 మిల్లీలీటర్లు, నెమ్మదిగా. మూడింటికి ఒక అరటిపండు. నార్పల వైపు తోటల నుంచి వచ్చే పండు బాగా మగ్గినదైతే ఇంకా త్వరగా అరుగుతుంది. పచ్చిది తింటే కడుపు ఉబ్బుతుంది.

ఎండాకాలం పోటీలు ఉదయం ఏడింటికే పెడతారు. అప్పుడు పూర్తి భోజనానికి వేళ ఉండదు. ముందు రోజు రాత్రి భోజనమే ప్రధానం, అయిదింటికి లేచి రెండు అరటిపండ్లు, పాలు. ఆదుర్దాతో ఘనపదార్థం మింగలేనివారు ఇద్దరు ముగ్గురు ప్రతి జట్టులో ఉంటారు. వాళ్లకు 40 గ్రాముల రాగిపిండి, 30 గ్రాముల బెల్లంతో పలచటి జావ ఇస్తే 50 గ్రాములకు పైగా పిండిపదార్థం తాగేస్తారు. సంకటి వద్దన్నాను కదా అంటారేమో. జావలో పిండి తక్కువ, నీళ్లు ఎక్కువ, అది వేరు. ఏదైనా సరే, సాధన రోజున ఒకసారి తాగి, పరుగెత్తి, కడుపు ఒప్పుకుందని తేలాకే మ్యాచ్ రోజున వాడండి.

7. చెమటను కొలవండి

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. యూరప్ ప్రమాణాల్లో మనకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది, ఇక్కడ అందరూ అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ ఇదే.

సాధనకు ముందు లోదుస్తులతో బరువు చూడండి. మధ్యలో ఎన్ని నీళ్లు తాగారో సీసా చూసి రాసుకోండి. అయ్యాక బూట్లు, తడిసిన జెర్సీ తీసేసి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. ముందు 60.0, తర్వాత 58.6, మధ్యలో తాగింది అర లీటరు. మీ చెమట 1.4కు 0.5 కలిపితే 1.9 లీటర్లు. తగ్గిన 1.4 కిలోలు మీ బరువులో 2 శాతం దాటాయి. 2 శాతం దాటినప్పటి నుంచి పరుగు, ఏకాగ్రత దెబ్బతినడం మొదలవుతుంది. అంటే వచ్చేసారి మధ్యలో ఇంకో పావు, అర లీటరు తాగాలి. అందరికీ ఒకే లెక్క కుదరదు. ఒకే జట్టులో ఒకరికి లీటరు, పక్కవారికి రెండు లీటర్లకు పైగా చెమట పట్టవచ్చు. నల్ల జెర్సీ ఆరాక తెల్లటి చారలు కనబడితే మీ చెమటలో ఉప్పు ఎక్కువ పోతోందని గుర్తు.

ఆటలో తాగే నీళ్లు ఇంట్లోనే కలుపుకోండి. లీటరు నీళ్లు, 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. ఉప్పు తలకొట్టిన పావు టీస్పూను, గోపురంగా కాదు. ఆట సాగుతుండగా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలన్నది ప్రమాణం. ఈ నీళ్లు అర లీటరులో 30 ఉన్నాయి. వార్మప్ అయ్యాక కొంత, విరామంలో అర లీటరు దాకా, మధ్యలో ఆట ఆగినప్పుడల్లా గుక్కెడు. చీనీకాయల (బత్తాయి) కాలంలో నిమ్మ, చక్కెర బదులు సగం చీనీ రసం, సగం నీళ్లు, అదే ఉప్పు కలపండి. జిల్లాలో పండే పండు, రుచి సంగతి చెప్పనక్కర్లేదు. ఇది ఆటలో తాగడానికే. రోజంతా తాగితే పళ్లు పాడవుతాయి, కొవ్వు పెరుగుతుంది.

ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి తాగేవారు చాలామంది కనిపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. విరేచనాలతో నీరసించినవారికి అది ప్రాణం నిలుపుతుంది, పరుగెత్తేవారికి ఇంధనంగా చాలదు. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకుంటే సరి.

ఉత్త నీళ్లే కడుపు పట్టినన్ని తాగడం కూడా ప్రమాదమే. ఆట అయ్యాక బరువు పెరిగి ఉంటే మీరు ఎక్కువ తాగుతున్నారని అర్థం. రక్తంలో సోడియం పలచబడితే తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. అది ఆసుపత్రి వ్యవహారం.

గాలిలో తేమ, ఎండ, గాలి వేగం కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ సూచీ 32 డిగ్రీలు దాటితే ఫిఫా నిబంధనల ప్రకారం మధ్యలో చల్లబడే విరామం ఇస్తారు. 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లో అలా ఇచ్చారు. మన స్థానిక పోటీల్లో ఆ యంత్రం ఉండకపోవచ్చు. మే నెల ఎండలో నిర్వాహకులను ముందుగానే అడిగి ప్రతి సగంలో ఒక విరామం ఒప్పించుకోవడం కోచ్ బాధ్యత.

8. విజిల్ మోగాక నాలుగు గంటలు

ఆట ముగిసిన తర్వాత నాలుగు గంటలపాటు గంటకు కిలోకు 1 గ్రాము పిండిపదార్థం. 60 కిలోలకు గంటకు 60 గ్రాములు. ఫొటోలు దిగుతూ, స్నేహితులతో మాట్లాడుతూ ఈ మొదటి గంటను చాలామంది పోగొట్టుకుంటారు.

ఆరింటికి మైదానంలోనే రెండు అరటిపండ్లు, పావు లీటరు పాలు, మూడు ఉడికించిన గుడ్లు. 62 గ్రాముల పిండిపదార్థం, 26 గ్రాముల ప్రొటీన్ వచ్చేశాయి. ఏడింటికి చీనీ రసం, రెండు బొరుగుల ఉండలు. ఎనిమిదింటికి ఇక సంకటి వేళ: 100 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల బియ్యంతో ముద్ద, పక్కన నాటుకోడి పులుసు. పిండిపదార్థం 105 గ్రాములు, కాల్షియం, ప్రొటీన్, చెమటతో పోయిన ఉప్పు, అన్నీ ఒక్క పళ్లెంలో. పడుకునే ముందు పాలు. పోయిన బరువుకు ఒకటిన్నర రెట్లు ద్రవం తాగాలి. 1.4 కిలోలు తగ్గితే 2.1 లీటర్లు, ఒక్క గుక్కలో కాదు, పడుకునేదాకా కొద్దికొద్దిగా. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఇక్కడ రాణి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు తాగితే చాలావరకు మూత్రంలో పోతాయి.

గెలిస్తే బిర్యానీ అన్నది కర్నూలులోనైనా అనంతపురంలోనైనా మారదు. వద్దనను. ముందు అరటిపండ్లు, పాలు, గుడ్లు కడుపులో పడనివ్వండి, బిర్యానీ ఎనిమిదింటి పళ్లెం అవుతుంది. మద్యం మాత్రం ఆ రాత్రి కండరాల మరమ్మతును, నీటి భర్తీని రెండింటినీ చెడగొడుతుంది.

మరునాడు కూడా 6 నుంచి 8 గ్రాముల రోజే. పదింటిదాకా పడుకుని ఫలహారం ఎగ్గొట్టే రోజు అదే కావడం మన దురదృష్టం.

9. శనివారం, రోజా

శనివారం మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లు ఇక్కడ ఎక్కువ. ఆ రోజు మ్యాచ్ పడితే మీల్‌మేకర్ కూర, పనీరు, గడ్డపెరుగు, పాలతో ప్రొటీన్ పూర్తి చేయవచ్చు, నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు. ఒంటిపూట ఉపవాసం మాత్రం మ్యాచ్ రోజు కుదరదని ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పుకోండి.

రంజాన్ నెలలో రోజా ఉండే ఆటగాళ్లు సహరీలో జొన్నరొట్టె, గుడ్లు, పెరుగు వంటి నెమ్మదిగా అరిగేవి తినాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లతో మొదలుపెట్టి, రాత్రి పొడవునా ద్రవాలు పంచుకోవాలి. గట్టి సాధనను ఇఫ్తార్ తర్వాతకు జరపమని కోచ్‌ను అడగడంలో మొహమాటం వద్దు.

10. రక్తపరీక్ష

ఆడపిల్లలకు ఇది ముఖ్యం. పరుగులో అందరికంటే ముందే ఆయాసం వస్తుంటే బద్ధకమని తిట్టకముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది) పరీక్ష చేయించండి. ఇనుము తక్కువని తేలితే మాత్రలు డాక్టరు చెబితేనే. భోజనంలో ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోండి, విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం అవగానే టీ తాగితే ఆ ఇనుము అందకుండా పోతుంది, కనీసం గంట ఆగండి. మూడు నెలలు నెలసరి రాకపోతే దాన్ని కష్టపడి ఆడుతున్నదానికి గుర్తుగా చూడకండి. ఆటకు సరిపడా తిండి లేదని శరీరం చెబుతున్న మాట కావచ్చు. ఎముకలు కూడా బలహీనపడతాయి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

11. డబ్బాల సంగతి

18 ఏళ్లలోపువారికి డబ్బాలేవీ అక్కర్లేదు. పైవారికి పనిచేస్తాయని ఆధారాలున్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కెఫీన్ కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములని యూఈఎఫ్ఏ ప్రకటన చెబుతుంది. తక్కువతో, అదీ సాధనలో మొదలుపెట్టండి. సాయంత్రం ఆటకు తీసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. క్రియాటిన్ (కండరాలకు తక్షణ శక్తి అందించే పదార్థం) రోజుకు 3 గ్రాములు చాలు. ఇక ప్రొటీన్ పొడి కేవలం ప్రొటీనే, గుడ్డు దొరకని ప్రయాణంలో తప్ప దానికి ప్రత్యేకత లేదు.

భయపడవలసింది కల్తీకి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమం ప్రకారం మీ శరీరంలో దొరికిన ప్రతి నిషిద్ధ పదార్థానికీ బాధ్యత మీదే, డబ్బా మీద పేరు లేదన్న మాట చెల్లదు. మన దేశంలో పరీక్షలు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా చేస్తుంది. నిషిద్ధ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. ఊరూపేరూ లేని బలం పొడులు, మూలికల చూర్ణాలు, జిమ్‌లో ఎవరో ఇచ్చిన మాత్రలు, దగ్గు మందులతో సహా ఏదైనా మింగేముందు జట్టు డాక్టరుకు చూపించండి.

12. బయటి ఊరి మ్యాచ్‌కు డబ్బా

కడపకో కర్నూలుకో బస్సులో మూడు నాలుగు గంటలు పడుతుంది. దారిలో బస్సు ఆగే హోటల్లో పూరీ, మసాలా దోశ తప్ప మరొకటి ఉండదు. కాబట్టి భోజనం వెంట ఉండాలి. పెరుగన్నం కలిపేటప్పుడు అన్నాన్ని బాగా మెత్తగా చేసి, చల్లార్చి, పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలు మాత్రమే వేయండి. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుని పుల్లబడకుండా ఉంటుంది. ఉప్పు తినేముందు కలుపుకోండి. దానిమ్మ గింజలు వేస్తే బాగుంటుంది, ఆవకాయ వద్దు. అరటిపండ్లు, అటుకులు, బెల్లం, ఉప్పు పొట్లం, నిమ్మకాయలు, తూచిన చక్కెర విడిగా సంచిలో. నీళ్లు సీలు వేసినవి. రోడ్డు పక్క చెరుకు రసం, ఐసు వేసిన సోడా ఆటకు ముందు ముట్టకండి. గుడ్లు పెంకుతోనే తీసుకెళ్లండి, ఒలిచినవి ఎండకు తొందరగా పాడవుతాయి. పెరుగన్నం డబ్బా పైన సామాన్ల అరలో కాకుండా కాళ్ల దగ్గర నీడలో పెట్టండి. ఆట ముందు తినగా మిగిలింది ఆట తర్వాత తినవద్దు, పారేయండి.